కుబుసపు గదికి కావలివాడు

కోనసీమలో ఓ కొబ్బరితోట. తోటకి ఒక మూల, కాలవగట్టుని ఆనుకుని, ఒలిచి పారేసిన కొబ్బరి డొక్కల గుట్ట. మనుషుల కంటికి అది చెత్త. పొయ్యిలోకి పనికొస్తాయని తోట రైతు ఎప్పుడైనా నాలుగు డొక్కలు ఏరుకుపోతాడు, అంతే. కానీ ఆ గుట్ట అడుగున పెద్ద ఊరే ఉంది. రోకలిబండల ఊరు.

రోకలిబండంటే తెలుసుగా. వానలు పడగానే గుమ్మాల్లోనూ గోడల మీదా నింపాదిగా నడుస్తూ, పుల్లతో ముట్టుకోగానే చుట్ట చుట్టుకుపోతుందే, ఆ పురుగు. పుస్తకాల్లో దాన్ని సహస్రపాది అంటారు. మన పెరట్లో తిరిగే వాటిలో వేటికీ వెయ్యి కాళ్ళుండవు. కదిలే కాళ్ళని లెక్కపెట్టలేక విసుగొచ్చి, ఆ పేరు పెట్టినాయన గుండుగుత్తగా వెయ్యి అనేసుంటాడు. పేర్లు పెట్టేవాళ్ళతో ఎప్పుడూ ఇదే గొడవ.

ఆ ఊళ్ళో మూడు ఇంటిపేర్లవాళ్ళున్నారు. గుండ్రంగా, పొడుగ్గా, నల్లగా నిగనిగలాడేవాళ్ళు రోకళ్ళవారు. పొట్టిగా ఉండి, వీపు మీద పెంకులు పేర్చుకుని, భయమేస్తే తలా కాళ్ళూ లోపలికి లాక్కుని అచ్చం గోళీకాయలా అయిపోయేవాళ్ళు గోళీలవారు. ఇక ప్రతి కణుపుకీ రెండు పక్కలా ఇంటి చూరులా అంచు పొడుచుకొచ్చి, పైనుంచి చూస్తే బల్లపరుపుగా కనిపించేవాళ్ళు పలకలవారు. రూపాలు వేరైనా వంశం ఒకటే. అందరి తిండీ కుళ్ళాకే. అందరి నడకా నిదానమే. కణుపుకి రెండేసి జతల కాళ్ళు, అదీ ఆ వంశానికి గుర్తు.

జెర్రికి మాత్రం కణుపుకి ఒక్క జతే. మెడ కింద ఉన్న మొదటి జత కాళ్ళయితే కాళ్ళే కావు, విషపు కోరలు. పరుగులో దాన్ని పట్టుకునేవాడు లేడు. జెర్రి అన్నమాట వింటే ఆ గుట్ట మొత్తం ముడుచుకుపోయేది.

ఊరి పెద్ద నల్లపూసమ్మ. రోకళ్ళవారి ఆడపడుచు. అందరికీ మామ్మ. మాట కరుకు, మనసు మెత్తన. కళ్ళు పేరుకే ఉన్నాయిగానీ వాటికి వెలుగూ చీకటీ తప్ప పెద్దగా ఏమీ ఆనదు. ఏదైనా తెలుసుకోవాలంటే మీసాలతో తడిమి చూడాల్సిందే. డొక్కల కింద చీకట్లో బతికేవాళ్ళకి కళ్ళతో పనేముంది?

ఆ ఏడు తొలకరి పడగానే నల్లపూసమ్మ మనవలందరూ కుబుసపు గదిలోకి వెళ్ళారు. రోకలిబండ పిల్లలు పుట్టినప్పుడు చీమకున్నన్ని కాళ్ళతోనే పుడతారు. కుబుసం విడిచినప్పుడల్లా కొత్త కణుపులొస్తాయి, కణుపులతోపాటు కొత్త కాళ్ళొస్తాయి. అదొక పండగ వాళ్ళకి. అయితే కుబుసం విడిచాక కొన్నాళ్ళపాటు ఒళ్ళు తెల్లగా, మెత్తగా, వెన్నముద్దలా ఉంటుంది. ముడుచుకోవడం చేతకాదు. శత్రువు మీదకి కంపు వదలడమూ చేతకాదు. ఆ కొద్ది రోజులూ ఎవడొచ్చి నోట్లో వేసుకున్నా అడిగే దిక్కుండదు.

అందుకే కుబుసపు గదికి కావలివాణ్ని పెట్టడం ఆ ఊరి ఆచారం. గది గుమ్మం ఓ పెద్ద డొక్క కింద సన్నటి చీలిక. పిల్లలు దూరతారు గానీ గుండ్రటి పెద్దవాళ్ళు అందులో ఇమడరు. అంచులున్న పలకలవారైతే చీలికకి తలుపు బిగించినట్టు సరిగ్గా సరిపోతారు. కాబట్టి తరతరాలుగా కావలి హక్కు పలకలవారిదే. ఊళ్ళో మిగిలిన ఆఖరి పలకలవాడు, కిందటేడు కావలున్న ముసలాయన, వేసవిలో పోయాడు. పక్క అరటితోటలో ఉన్న పలకలవారికి నల్లపూసమ్మ చీమలచేత కబురంపింది.

"పిల్లలు గదిలోకెల్లిపోయేరు. ఓ మంచి కుర్రోణ్ని పంపండి. తొరగా పంపండి."

చీమలకి కడుపులో మాట దాగదు. దారి పొడుగునా చెప్పుకుంటూ పోయాయి. కాలవగట్టు మీద పగిలిన పెంకు కింద పడుకున్న జెర్రి కెంపయ్య ఆ మాట విన్నాడు. ఎర్రటి ఒళ్ళు, పసుపు కాళ్ళు. ఒళ్ళంతా అందమే, లోపలంతా ఆకలే.

"గదినిండా వెన్నముద్దలన్నమాట!" అని పెదవులు తడుపుకున్నాడు. "ఆళ్ళకి కళ్ళు ఆనవు. తడిమి చూస్తారు. నేనూ పలకగానే ఉంటాను. ఒక్క కాళ్ళ దగ్గరే పేచీ."

కెంపయ్య తెలివైనవాడని ఒప్పుకోవాలి. కాలవ బురదలో దొర్లి, ఆ మీదట కొబ్బరిపీచులో దొర్లాడు. తన కాళ్ళ మధ్య ఖాళీ ఉన్నచోటల్లా రెండుపక్కలా ఒక్కో పీచుపోగు అతికించుకున్నాడు. తడిమితే కణుపుకి రెండేసి జతలు! వెనక పొడుగ్గా ఉండే చివరి కాళ్ళని ఓ పీచుముక్కలో దూర్చాడు. తల బాగా వంచి, కోరల్ని నేలకి ఆనించి, ఎంతో అణకువ గలవాడిలా బయల్దేరాడు.

పొద్దెక్కేసరికి డొక్కల గుట్టకి చేరాడు. గుమ్మంలో గోళీరాజు కాపలా ఉన్నాడు. గోళీలవారి పెద్దకొడుకు. మంచివాడే కానీ, వాక్యం సగంలో ఉండగా భయమేస్తే మిగతా సగం గోళీలో ఉండిపోతుంది.

"ఎవరండీ అదీ?" అన్నాడు గోళీరాజు.

"అరటితోట నుంచండి. కావలికొచ్చేను."

"ఆయ్! రండి రండి. మామ్మా, పలకలోరి కుర్రోడు..." అని, వచ్చినవాడి ఒంటిమీంచి ఏదో తెలియని వాసన తగిలి టక్కున ముడుచుకుపోయాడు.

నల్లపూసమ్మ ఎదురొచ్చింది. "ఏం బాబూ, బాగా పొద్దున్నే బయల్దేరేవా? దార్లో ఇబ్బంది పడ్డావా?"

"ఇబ్బందేనండి మామ్మగారూ," కెంపయ్య గొంతు వణికించాడు. "ఓ జెర్రి నా ఎనకాలే వస్తన్నాడు. ఆడూ పలకగానే ఉంటాడు. నేనే కావలోణ్ని అంటాడు. నమ్మేరా, పిల్లల్ని మరిచిపోండి!"

ఆ మాట ఆవిడ నోట్లోంచి ఊరంతటికీ పాకింది. ఇహ చూస్కోండి, ఎక్కడివాళ్ళక్కడ చుట్టలు.

ఆ చుట్టలు విప్పుకునేసరికి మధ్యాహ్నమైంది, అప్పుడే అసలు కావలివాడు వచ్చాడు. పేరు పలకయ్య. నల్లటి వీపు, అంచుల్లో పసుపు చుక్కలు. పలకలవారికి పుట్టుకతోనే కళ్ళుండవు. మీసాలే దారి చూపించాలి. పాపం, దారిలో వాననీటి గుంటల్ని చుట్టి చుట్టి వచ్చాడు.

"నమస్కారవండి. పలకయ్యనండి. మా మేనత్త పంపించింది. పిల్లలు ఎక్కడున్నారో చూపిత్తే నే కూకుంటాను."

"అడుగో! ఆడేనండి జెర్రి!" అరిచాడు కెంపయ్య. "చూసేరా? రాగానే పిల్లలెక్కడని అడుగుతున్నాడు!"

ఊరంతా ఒక్కసారి గుప్పుమంది. పలకయ్య తెల్లబోయి మీసాలు అటూ ఇటూ ఆడించాడు. "జెర్రా? నేనా? ఎవరండీ మీరు? మీ నడక చప్పుడు మనోళ్ళ నడకలా లేదే."

"ఆడి మాటలతో మనకేం పని? తడిమి చూడండి మామ్మగారూ," అన్నాడు కెంపయ్య. "మెడ దగ్గర తడమండి. జెర్రి బండారం అక్కడే బయటపడుద్ది. కణుపుకి ఎన్ని జతలున్నాయో చూడండి!"

నల్లపూసమ్మ దగ్గరికొచ్చి పలకయ్య తల వెనక మీసాలు పెట్టింది. మొదటి కణుపుకి కాళ్ళే లేవు. రెండోదానికి ఒక్క జత. మూడోదానికీ ఒక్క జతే. ఆ తర్వాతదానికీ అంతే. ఇంక వెనక్కి తడమడానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు.

"ఒక్క జతే!" అంది వెనక్కి జరిగి. "ఒరే, ఒక్క జతే ఉంది!"

"ఎనక్కి తడమండి మామ్మగారూ!" అన్నాడు పలకయ్య. "మెడ దగ్గర ఎవరికైనా అంతే కదండీ!"

"ఎవరికైనా అంతేనంట! విన్నారా?" కెంపయ్య నవ్వాడు. "నన్ను తడమండి. ఇదిగో, నడుం దగ్గర."

నల్లపూసమ్మ తడిమింది. ఒక కాలు, ఒక పీచు. ఒక కాలు, ఒక పీచు. ఆవిడ మీసాలకి అన్నీ కాళ్ళే. "రెండేసి జతలు! ఈడు మనోడే!"

ఒకణ్ని మెడ దగ్గర తడిమారు, ఇంకొకణ్ని నడుం దగ్గర తడిమారు. భయం మీదున్నప్పుడు ఆ తేడా ఎవరికి తడుతుంది? ఊరు ఊరంతా కెంపయ్య పక్కకి చేరిపోయింది.

ఇంతలో ఎవరో వెనక నుంచి పలకయ్యని తోశారు. ఆ తోపుకి అతని పక్కల నుంచి చేదు బాదంపప్పు వాసన గుప్పున కొట్టింది. పలకలవారి కంపు అదే. రోకళ్ళవారి కంపు టింక్చరు వాసనలా ఉంటుంది. గోళీలవారికి అసలు కంపే లేదు. ఏ ఇంటి వాసన ఆ ఇంటిది. పాత కావలాయనకి కంపు వదలాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి పలకలవారి వాసన ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"విషం! విషపు వాసన!" అన్నాడు కెంపయ్య.

"మన వాసనలా లేదు," అన్నారు రోకళ్ళవారు.

"ఎల్లిపో!" అంది నల్లపూసమ్మ, కిందటేటి కావలాయనకీ కళ్ళు లేవన్న మాటే మరిచి. "కళ్ళు కూడా లేవు, కావలట! పో ఇక్కణ్నుంచి!"

"కావలికి కళ్ళెందుకండీ," అన్నాడు పలకయ్య మెల్లిగా. "చీలికకి అడ్డంగా తలుపులా ఉంటే చాలదా?" "పో, పో!" అన్నారందరూ. సరేనని వెనక్కి తిరిగాడు. పలకలవారి నడక కదా, వెళ్ళిపోవడానికి కూడా చాలాసేపు పడుతుంది. వెళ్ళగొట్టినవాడి అడుగుల చప్పుడు ఎంతసేపటికీ వినిపిస్తూనే ఉంటే వెళ్ళగొట్టినవాళ్ళకి ఎంత ఇబ్బందిగా ఉంటుందో చెప్పలేం.

కెంపయ్య చేతులు రుద్దుకోవడమొక్కటే తక్కువ. "మరి గది ఎక్కడండి?"

"తొందరేముంది బాబూ? దూరం నుంచొచ్చేవు. ముందు భోంచెయ్యి," అని నల్లపూసమ్మ బాగా కుళ్ళి నల్లబడిన పనసాకు తెచ్చి పెట్టింది. ఏరి ఏరి దాచిన ఆకు. అంచుల్లో తెల్లటి బూజు. రోకలిబండలకి దాన్ని చూస్తే ప్రాణం లేచొస్తుంది.

ఆ వాసనకి కెంపయ్య ఓ అడుగు వెనక్కి వేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆకు ముట్టినవాడు కాదు. "క్షమించండి మామ్మగారూ. శనివారం కదా. ఒక్కపొద్దు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనండి."

"ఎంత నిష్ఠ!" అని నల్లపూసమ్మ మురిసిపోయింది. "అలాగైతే కాసేపు నడుం వాల్చు. నేనూ ఓ కునుకు తీసి వచ్చి గది చూపిత్తాను." వాసన పట్టి వెతుక్కుంటూ పోతే ఊరంతా మీద కంపు వదులుతుందని కెంపయ్య ఓపిక పట్టి పడుకున్నాడు.

రోకళ్ళవారు పడుకోవడమంటే చుట్ట చుట్టుకోవడమే. తల మధ్యలో, ఒళ్ళు చుట్టూ. రోజూ చుట్టుకోగానే నిద్రపోయే నల్లపూసమ్మకి ఆవేళ కునుకు పట్టలేదు. ఆ పలకయ్య గొంతే చెవుల్లో తిరుగుతోంది. జెర్రి అయితే అలా నిమ్మళంగా వెళ్ళిపోతాడా? తోస్తే ఒక్క కాటైనా వెయ్యడా? మెడ దగ్గర ఎవరికైనా అంతేనన్నాడు. ఏమిటా మాట?

అటూ ఇటూ కదిలింది. కదిలితే ఆవిడ మీసాలు ఆవిడ మెడకే తగిలాయి.

మొదటి కణుపుకి కాళ్ళు లేవు.

ఆవిడ ఇంకాస్త కిందకి తడిమింది. రెండోదానికి ఒక్క జత. మూడోదానికి ఒక్క జత. దాని తర్వాతదానికి ఒక్క జతే. ఆ కిందనుంచి రెండేసి, రెండేసి, రెండేసి. ఇన్నాళ్ళు బతికింది, పిల్లల్ని కంది, మనవల్ని ఎత్తింది, ఊళ్ళో అందరి కాళ్ళూ తడిమి చూసింది. తన మెడ దగ్గర ఎన్నున్నాయో ఎప్పుడూ చూసుకోలేదు!

"ఓరి భగవంతుడా!" అనుకుంది. "మరి వాడి మెడ ఎవరు తడిమేరు? ఎవరూ తడమలేదు. తల ఎత్తితేగా! పనసాకు కూడా ముట్టలేదు! నా చేత్తో నేనే జెర్రిని ఇంట్లోకి పిలిచి, పీట వేసేనే!"

కేకెయ్యబోయి ఆగిపోయింది. కేకేస్తే వాడు పరిగెడతాడు. వాడి పరుగు ముందు తన నడక ఏపాటి? వాసన పట్టి చీలిక వెతుక్కుని, తను రెండు డొక్కలు దాటేలోపు గది ఖాళీ చేస్తాడు. ఆ తెల్లటి మెత్తటి మనవలు తలపుకొచ్చి ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూచుంటే ఎలా అని, మెల్లిగా చుట్ట విప్పుకుని గుమ్మం దగ్గరికి పాకింది.

"గోళీరాజూ!"

గోళీ ఇంకాస్త బిగుసుకుంది.

"ఒరే, గోళీతో మాట్లాడ్డం నా వల్ల కాదు. తెరుచుకో. నీతో పనుంది."

గోళీ కాస్త తెరుచుకుంది. సంగతి విని మళ్ళీ మూసుకుంది. నల్లపూసమ్మ తలతో రెండు పొడుపులు పొడిచింది.

"బయట కోడి తిరుగుతోందా?"

"తిరుగుతోంది మామ్మా. పర్లపెట్ట. పిల్లలతో కొబ్బరిచెట్టు కింద గీరుతోంది. ఎందుకు?"

"నువ్వు గుట్ట మీద నుంచి దొర్లుకుంటూ ఎల్లి దాని కాళ్ళ దగ్గర పడాలి. దొర్లే వస్తువు కనపడితే కోడి ఊరుకోదు. ఎక్కణ్నుంచి దొర్లిందా అని గుట్ట మీదికొస్తుంది."

"అయ్యబాబోయ్! మీకైతే కంపుంది, అది తినదు. నాకు కంపు కూడా లేదే మామ్మా! నన్ను గింజనుకుని మింగేస్తేనో?"

"నీ పెంకు మీద దాని ముక్కు జారిపోద్దిరా. మీ నాన్న ఎన్ని పొడుపులు తిన్నాడో తెలుసా? ఒక్క గీత పడలేదు. నువ్వు చెయ్యాల్సిందల్లా ముడుచుకోవడం. ఊళ్ళో నీకంటే బాగా ముడుచుకునేవాడెవడ్రా?"

తనకొచ్చిన ఒకే ఒక్క విద్యని ఎవరైనా మెచ్చుకోవడం గోళీరాజుకి అదే మొదటిసారి. కొంచెం ఉబ్బాడు. "సరే," అన్నాడు చిన్నగా.

అక్కణ్నుంచి నల్లపూసమ్మ పలకయ్య కోసం బయల్దేరింది. అదృష్టం, అతను ఇంకా గుట్ట దాటలేదు. అడుగుల చప్పుడు వినగానే అతను ఆగాడు.

"ఎల్లిపోతన్నానండి. తొయ్యకండి."

"నాయనా," అంది నల్లపూసమ్మ. ఊళ్ళో ఎవరి ముందూ తగ్గని గొంతు తగ్గిపోయింది. "నా మెడ నేను తడుముకున్నానయ్యా. నువ్వు చెప్పింది నిజం. నేను చాలా పెద్ద తప్పు చేసేను. ఆడు జెర్రి. నా పిల్లలు..."

"తప్పుల సంగతి తరవాతండి," అన్నాడు పలకయ్య. "ఆ చీలిక ఏ పక్కనుందో చెప్పండి ముందు. నాకు కళ్ళు లేవు."

నల్లపూసమ్మ అతన్ని దగ్గరుండి చీలిక దాకా తీసుకెళ్ళింది. అతను అందులో అడ్డంగా ఒదిగి, అంచులు రెండూ బిగించి, కాళ్ళన్నీ మట్టిలోకి గుచ్చి కూచున్నాడు. గాలి దూరేంత సందు లేదు. నల్లపూసమ్మ గుండె కాస్త కుదుటపడింది. తిన్నగా కెంపయ్య దగ్గరికెళ్ళింది.

"లే బాబూ. కావలి కూకునే ముందు ఓ ఆచారం ఉంది. కావలోడు గుట్ట పైకెక్కి ఎండలో నిలబడాలి. ఊరంతా వచ్చి దణ్ణం పెడతాం. అప్పుడే గది చూపిస్తాం."

ఆ ఆచారం పుట్టి అప్పటికి పట్టుమని పావుగంట కాలేదు. కెంపయ్యకది తెలియదుగా.

"ఎండలోనా?" నసిగాడు కెంపయ్య. ఎండంటే జెర్రులకి పడదు. "దణ్ణాలెందుకండీ? నేను చిన్నవాణ్ని."

"అమ్మమ్మ! అంత నిష్ఠగలోడివి, దణ్ణం పెట్టకుండా ఎలా? పైకెక్కందే కావలి కుదరదు నాయనా. తాతలనాటి ఆచారం."

గదినిండా వెన్నముద్దలు కళ్ళముందు కదిలాయి. సరే, ఒక్క నిమిషం ఓర్చుకుందాం అనుకుని కెంపయ్య గుట్ట పైకెక్కాడు. వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. రోకళ్ళవారూ గోళీలవారూ చిన్నాపెద్దా చుట్టూ చేరారు. నల్లపూసమ్మ చెవిలో వేసిన మాట అప్పటికే ఊరంతా తిరిగింది. అందరూ వణుకుతున్నా ఎవరూ కదల్లేదు.

ఎండకి బురద ఆరింది. ఆరి, పగిలింది. పగిలి, ఒక్కొక్క పీచే రాలడం మొదలుపెట్టింది. అదేం చిత్రమో, కావలివాడి కాళ్ళు సగానికి సగం రాలిపోతున్నాయి!

"ఏం బాబూ, కాళ్ళు రాలుతున్నట్టున్నాయే?" అంది నల్లపూసమ్మ ఏమీ ఎరగనట్టు.

"అది... ఒక్కపొద్దు నీరసమండి," అన్నాడు కెంపయ్య.

అప్పుడే గోళీరాజు కళ్ళు మూసుకుని, ముడుచుకుని, గుట్ట మీంచి దొర్లాడు. టకటకమని డొక్క మీంచి డొక్క మీదకి గెంతి, గిరగిరా తిరుగుతూ వెళ్ళి పర్లపెట్ట కాళ్ళ మధ్య పడ్డాడు. పర్లపెట్ట ఠక్కున పొడిచింది. ముక్కు జారింది. మళ్ళీ పొడిచింది. మళ్ళీ జారింది.

"ఇదేం గింజే! ఎక్కణ్నుంచొచ్చిందీ?" అని మెడ సాచి గుట్టకేసి చూసింది. పిల్లల్ని వెంటేసుకుని రెక్కలు టపటపలాడిస్తూ గుట్ట మీదకి ఉరికింది.

"కోడి!" అంది నల్లపూసమ్మ.

ఊరు ఊరంతా ఉన్నచోటే చుట్ట చుట్టుకుంది. కంపున్నవాళ్ళు కంపు వదిలారు. టింక్చరు వాసన గుప్పుమంది. ఆ కంపు పర్లపెట్టకి చిన్నప్పణ్నుంచీ తెలుసు. ఛీ అని ముక్కు దులుపుకుంది.

గుట్ట మీద పరిగెత్తినవాడు ఒక్కడే. కెంపయ్య. పీచులు రాలుతుండగా, ఎర్రటి ఒళ్ళు తళతళలాడుతుండగా, మెరుపులా డొక్కల కిందికి దూరాడు. పిల్లల తాజా వాసన పట్టి ఒక్క ఊపులో చీలిక దగ్గరికొచ్చాడు. అక్కడ తలుపు బిగించి ఉంది.

"తప్పుకో!"

"పలకలోరి కావలండి," అన్నాడు పలకయ్య కదలకుండా. "ఎదరున్నదెవరో నాకు కనపడదు. కంపు మాత్రం అందరికీ ఒకటే పంచుతాను."

కెంపయ్య కోరలు దించబోయాడు. అంచు మీద నుంచి జారిపోయాయి. పలకయ్య పక్కల నుంచి చేదు వాసన బుస్సుమని వచ్చి కెంపయ్య మీసాలకి కొట్టింది. ఒళ్ళంతా మండిపోయింది. తల దిమ్మెక్కి, ఏ పక్కకి పోతున్నాడో తెలియక, గిర్రున వెనక్కి తిరిగి మళ్ళీ ఎండలోకే పరిగెత్తాడు.

పర్లపెట్ట కాలు వేసి నొక్కింది.

"అమ్మా! తల్లీ! ఆగు!" అరిచాడు కెంపయ్య. "నేను జెర్రిని కాదు! రోకలిబండని! పలకలోరి కుర్రోణ్ని! నన్ను తింటే నీ నోరు పాడైపోద్ది! కణుపుకి రెండు జతల కాళ్ళు నాకు, కావలిస్తే లెక్కెట్టుకో!"

"నాకు లెక్కలు రావు బాబూ," అంది పర్లపెట్ట. "పడుకున్నవాటిని వదిలేత్తాను. పారిపోయేవాటిని తినేత్తాను. మా అమ్మ నాకు నేర్పిన చదువంతా ఇదే."

పిల్లలన్నిటికీ తలో ముక్కా వచ్చింది. పీచు మాత్రం కాస్త గొంతుకి అడ్డం పడిందని ఆవిడ రోజంతా సణుక్కుంది.

గోళీరాజు కొబ్బరిచెట్టు కింద చాలాసేపు గోళీగానే ఉండిపోయాడు. ఊళ్ళోవాళ్ళొచ్చి మెచ్చుకోలు మాటలు చెవిలో ఊదాక గానీ తెరుచుకోలేదు. తెరుచుకున్నాక మాత్రం కోడి ఎన్నిసార్లు పొడిచిందో ప్రతివాడికీ ఆపి ఆపి చెప్పాడు. చెప్పినప్పుడల్లా రెండు పొడుపులు పెరిగాయి.

పలకయ్య మాత్రం చీలిక వదల్లేదు. ఊరంతా వచ్చి దణ్ణాలు పెట్టింది. తోసినవాడు అందరికంటే ముందొచ్చాడు. నల్లపూసమ్మ పనసాకు తెచ్చి పెడితే, కూచున్నచోటే కూచుని, ఈనె కూడా మిగల్చకుండా తిన్నాడు. ఆ నమిలే చప్పుడు వింటూ ఆవిడ పక్కనే కూచుంది. ఇంతకంటే మంచి గుర్తు ఏం కావాలి, దీన్ని ముందే చూసుకోవాల్సింది అని లోపల లోపల కుమిలింది.

కొన్నాళ్ళకి పిల్లల ఒళ్ళు గట్టిపడింది. విడిచిన కుబుసాలు తామే తినేసి, కొత్త కాళ్ళ మీద తడబడుతూ ఒక్కొక్కళ్ళే బయటికొచ్చారు. నల్లపూసమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కణ్నీ మీసాలతో తడుముతూ, "ఎన్నొచ్చేయిరా? ఎన్నొచ్చేయే?" అని గోలగోల చేసింది. అందరికంటే చిన్నది పలకయ్య వీపు మీంచి పాకుతూ ఆగిపోయింది.

"మామ్మా, ఈయన వీపు పలకగా ఉందే. ఈయన మనోడేనా?"

నల్లపూసమ్మ మీసాలతో పలకయ్య వీపు ఓసారి తడిమింది.

"మనోడేనమ్మా," అంది. "నేను వెళ్ళగొట్టినా, పిలవగానే వచ్చి నిలబడ్డాడు."

ఎదుటివాణ్ని ఎక్కడ తడిమి తప్పు పట్టామో, ముందు అక్కడే మనల్ని మనం తడిమి చూసుకోవాలి.